మేమిద్దరం ఎంచుకున్న పుస్తకాలు

ఆల్బనీ వైపు ఒక హైస్కూల్ లైబ్రరీలో నేను అసిస్టెంట్‌ని. అక్కడ నాకు దొరికిన మొదటి స్నేహితురాలు హిస్టరీ టీచర్. నాకంటే కాస్త చిన్నది, ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి. లంచ్ బ్రేక్‌లో నా డబ్బాలో పులిహోర ఉందంటే సగం ఆమెదే. మా గృహప్రవేశానికి చీర కట్టుకుని వచ్చి, మా అత్తగారి చేత కుచ్చిళ్లు సరిచేయించుకుంది.

ఒక టర్మ్ మొదట్లో వచ్చి, "పెద్ద క్లాసు వాళ్లకి ఈసారి ఆస్ట్రేలియా చెప్దామనుకుంటున్నా. తెల్లవాళ్లు గొర్రెల మందలతో లోపలికి జరుగుతూ అక్కడి ఆదివాసులతో చేసిన యుద్ధాలు. మన లైబ్రరీలో ఏముందో చూద్దామా?" అంది. ఆస్ట్రేలియా పొరుగునే ఉన్న ఈ ద్వీప దేశంలో తెల్లవాళ్లకీ ఇక్కడి మూలవాసులకీ జరిగిన యుద్ధాల గురించి పిల్లలు అప్పటికే చదివారు. పక్క దేశం సంగతి వాళ్లకీ తెలియదు, నాకూ తెలియదు.

మా దగ్గర ఉన్నది తక్కువే. పాత ఎన్‌సైక్లోపీడియాలో ఒక్క పేరా. సాహసయాత్రల పుస్తకాల్లో ఆదివాసులు చెట్ల చాటున నిలబడి చూస్తుంటారు, అంతే. స్కూలు చందా కట్టే ఆన్‌లైన్ డేటాబేస్‌లో మాత్రం ఆనాటి పత్రికలు దొరికాయి. వాటిలో "చెదరగొట్టారు" అన్న మాట మళ్లీ మళ్లీ వచ్చేది. పోలీసులు ఫలానా వాగు దగ్గర గుంపును చెదరగొట్టారు అని.

"తరిమేశారన్నమాట," అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "కాదు. కాల్చి చంపామని రాయలేక అలా రాసేవారు."

ఆ రోజంతా మనసు బాగోలేదు. మాది నర్సీపట్నం దగ్గర. మన్యంలో కొండవాళ్లు తిరగబడితే దొరలు దాన్ని పితూరీ అన్నారు. మా ఇళ్లలో ఆ మాటకి పిల్లలు చెప్పుకునే చాడీలని అర్థం. ఆ మాట వెనక తుపాకులున్నాయని బడిలో నాకెవరూ చెప్పలేదు. నేను నమ్మి చదువుకున్న పుస్తకాలే నన్ను మోసం చేశాయనిపించింది.

అందుకే పట్టుదలగా వెతికాం. ఆదివాసులు స్వయంగా రాసినవి కొన్ని తెప్పించాం. ప్రతి పుస్తకం ఇద్దరం కలిసి చూసి పెట్టెలో పెట్టాం. మెడలకు ఇనుప గొలుసులు వేసి బంధించిన ఆదివాసుల ఫొటో ఉన్న పుస్తకం దగ్గర నేను తటపటాయిస్తే, "ఇది ఉండి తీరాలి," అన్నది ఆమే.

ఆ ఫొటో చూసి ఒక విద్యార్థి తండ్రి స్కూలుకు ఫిర్యాదు చేశాడు. పూర్వీకుల గురించి పిల్లలకు సిగ్గు నేర్పుతున్నారని ఆయన కోపం. ప్రిన్సిపాల్ మా ఇద్దరినీ పిలిచారు.

"ఈ పుస్తకాలు ఎవరు ఎంచారు?"

నేను ఆమె వైపు చూశాను. ఆమె ఎంతో మెత్తగా అంది: "నేను టాపిక్ ఇచ్చానంతే. ఎంపిక లైబ్రరీదే."

"కలిసే ఎంచుకున్నాం," అన్నాను. ఇన్నేళ్లుగా సాఫీగా వచ్చే ఇంగ్లిష్ ఆ రెండు ముక్కలకే తడబడింది. ఆమె పెన్ను మూత తిప్పుకుంటూ కూర్చుంది.

"ఎవరినీ తప్పు పట్టడం లేదు," అని ప్రిన్సిపాల్ నా ఒక్కదాని వైపే తిరిగారు. "బయటి నుంచి వచ్చినవాళ్లకి ఇక్కడ ఏది సున్నితమో తెలియకపోవచ్చు."

నేను ఈ దేశ పౌరసత్వం తీసుకుని చాలా కాలమైంది. ఆ సంగతి నా స్నేహితురాలికి తెలుసు. పౌరసత్వం ఇచ్చిన వేడుకలో నా పక్కన నిలబడి ఫొటో దిగింది. అప్పుడైనా నోరు విప్పుతుందని చూశాను. విప్పలేదు.

టాపిక్ తీసేశారు. పెట్టె స్టోర్ రూమ్‌లోకి వెళ్లింది.

ఇంట్లో మా ఆయన, "జాబ్ పోలేదు కదా, లైట్ తీసుకో," అన్నారు.

"జాబ్ గురించి కాదండీ. ఆవిడ మనింట్లో మనిషిలా తిరిగింది."

ఆయన నా కంచంలో ఇంకాస్త పెరుగు వేశారు.

వారం తర్వాత ఆమె లైబ్రరీకి వచ్చి కౌంటర్ దగ్గర నిలబడింది. "నా ఉద్యోగం పర్మనెంట్ అయ్యే సంవత్సరం ఇది. నువ్వు అర్థం చేసుకుంటావనుకున్నా."

"ముందే అడిగి ఉంటే నేనే నా మీద వేసుకునేదాన్ని," అన్నాను. అది నిజం. ఆమె రిటర్న్ వచ్చిన పుస్తకాలు సర్ది వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి లంచ్ కారులో కూర్చుని తినడం మొదలుపెట్టాను.

ఆ పుస్తకాలు షెల్ఫ్‌లో ఉండకూడదని మాత్రం ఎవరూ అనలేదు. ఒక సాయంత్రం స్టోర్ రూమ్ తెరిచి అన్నిటినీ హిస్టరీ వరుసలో పెట్టేశాను. ఎవరైనా అడుగుతారేమోనని కొన్నాళ్లు బెరుగ్గానే ఉంది. అడగలేదు. ఒకరిద్దరు పిల్లలు తీసుకెళ్లారు కూడా.

ఆ ఏడాది చివర్లో ఆమె ఉద్యోగం పర్మనెంట్ అయింది. స్టాఫ్ రూమ్‌లో కేక్ కోశారు. వెళ్లకపోతే బాగుండదని వెళ్లి కంగ్రాట్స్ చెప్పాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, నన్ను గట్టిగా కౌగిలించుకుంది. నా చేతులు మాత్రం పైకి లేవలేదు.