ఆరు కమ్మీలు, ఒక గరుడవాహనం

లోకంలోని కష్టాలన్నీ బలం చాలకనే వస్తాయని ఆ వయసులో నాకొక గట్టి నమ్మకం. కండ ఉన్నవాడికి దేవుడు కూడా పక్కకు తప్పుకుంటాడని అనుకునేవాణ్ణి. (దేవుడు నిజంగానే పక్కకు ఒరిగాడు. ఆ ముచ్చటే చెబుతున్నాను.) కార్వేటినగరం దగ్గర మా ఊళ్ళో, గుడి ఉత్సవాలకు గరుడవాహనం మోసే పదహారు మందిలో మా నాయన ఒకడు. వెనక కొయ్యకు ఎడమ చివర ఆయన చోటు. అంతకుముందు అది మా తాతది. ఆ ఏడు నాయనకు భుజం పట్టేసి చెయ్యి పైకి లేవలేదు. మోతగాళ్ళకు పెద్ద అయిన మేస్త్రీ మామ ఇంటికొచ్చి, "నీ కొడుకును పంపు బావా. అయితే సగం వీధిలో భుజం తీసినాడంటే ఆ చోటు ఇంకొకరికి పోతాది. మళ్ళా నన్నడగొద్దు" అని చెప్పి వెళ్ళాడు. నాయన ఆ పూట అన్నం సగంలో వదిలేసి లేచాడు. అది చూస్తే నాకు భయమేసింది.

చోటు పోకూడదని తెలిసింది గానీ, అది నిలవాలంటే ఏం కావాలో తెలియలేదు. అప్పుడే సెల్‌ఫోన్‌లో ఎవరో వస్తాదు ఇనుప కమ్మీని ఒట్టి చేతులతో వంచుతూ కనబడ్డాడు. ఇంకేముంది, పక్కింటివాళ్ళు స్లాబు పోయించగా మిగిలిన సన్న కమ్మీ ముక్కలు అడిగి తెచ్చుకున్నాను. కొసలకు నాయన పాత తువ్వాలు చుట్టి, తొడకు ఆనించి, పళ్ళు బిగించి లాగేవాణ్ణి. మొదట్లో కమ్మీ వంగలేదు, నా నడుమే వంగింది. అరచేతులు బొబ్బలెక్కాయి. రెండు నెలలకు ఒకటి వంగింది. వీధంతా తిప్పి చూపించి ఇంటికి తెస్తే అమ్మ, "శానా బాగుండాది, ఎర్రగడ్డల బుట్ట తగిలించుకోను" అని దాన్ని దూలానికి వేలాడదీసింది. అలా ఉత్సవాల లోపు ఆరు కమ్మీలు వంచాను, మా వంటింట్లో ఆరు కొక్కేలు వెలిశాయి. ఊళ్ళో నా పేరు 'కమ్మీ' అయింది. నాయన మాత్రం ఒక్కసారే అన్నాడు: "బలం ఎవురడిగినార్రా నిన్ను? నడక నేర్చుకో." పెద్దాయనకు కండ విలువేం తెలుస్తుందిలే అని లోలోపల నవ్వుకున్నాను.

గరుడసేవ రోజు "గోవిందా" అనగానే, ఆరు కమ్మీల బలమూ కూడదీసుకుని నిటారుగా లేచాను. నేను నాయన కంటే జానెడు పొడుగు. ఆ కొయ్య పట్టేవాళ్ళంతా ఆయన ఎత్తువాళ్ళే, జత చూసి నిలబెట్టినవాళ్ళు. (ఈ సంగతి అప్పుడు తట్టి ఉంటే ఇప్పుడు రాయడానికేముంది?) నా మూల లేచింది, గరుత్మంతుడు కుడిపక్కకు ఒరిగాడు. పైనున్న అర్చకస్వామి తాడును వాటేసుకుని, "ఎవరయ్యా ఆ మూల? స్వామిని కింద పడేస్తావా?" అని కేక పెట్టాడు. నా పక్కవాడి భుజానికి కొయ్య తగలడమే లేదు. అతను షికారుకొచ్చినట్టు నడుస్తున్నాడు, ఆ మూల బరువంతా నా మీదే ఉంది.

"రేయ్ కమ్మీ! మోకాళ్ళు వంచరా! ఇనుమునే వంచితివే, అదొక్కటి రాలేదా?" అని మేస్త్రీ మామ ముందునుంచి అరిచాడు. జనం ఘొల్లుమన్నారు. వంచాను. ఇరవై అడుగులకే తొడలు వణికాయి. వీధి మలుపు దగ్గర భుజం తీసేద్దామనే అనుకున్నాను, అబద్ధమెందుకు. అప్పుడు నా వీపు మీద ఒక చెయ్యి పడింది. పక్కనే నాయన నడుస్తున్నాడు.

"దించొద్దప్పా. ఇంగ కొంచిం వొంగు... ఆఁ, సాలు. అదీ నా ఎత్తు. ఇప్పుడు నా కాలు సూసి కాలెయ్."

ఆయన కుడికాలు వేస్తే నేనూ కుడికాలు, ఎడమ వేస్తే ఎడమ. గుడి వాకిలి దాకా అలాగే చేరాం. చోటు నిలిచింది. "వచ్చే ఏడు బలం ఇంట్లో పెట్టి రా" అన్నాడు మేస్త్రీ మామ. ఆ పూట నాయన రెండోసారి అడిగి అన్నం పెట్టించుకున్నాడు.

ఇప్పుడు నాయన లేడు. మొన్న ఒక కొక్కెం దించి సాపు చేద్దామని చూశాను. ఆఫీసు కుర్చీకి అలవాటైన చేతులకు అది ఇసుమంతైనా లొంగలేదు, పైగా నా మోచెయ్యి పట్టేసింది. ఆ కమ్మీ కుర్రవాడు తెలివితక్కువవాడే గానీ గట్టివాడు, వాణ్ణి తలుచుకుంటే ముచ్చటేస్తుంది. నేను మాత్రం ఇప్పటికీ ఏటా వెనక కొయ్యకు ఎడమ చివరే నిలబడుతున్నాను. "గోవిందా" అనగానే మోకాళ్ళు వాటంతటవే వంగుతాయి. మర్నాడు మెట్లెక్కడం గగనమవుతుంది. అయినా ఆ నాలుగు వీధులూ తిరిగినంతసేపు నేను మా నాయన ఎత్తే ఉంటాను.