పక్క మంచం పెద్దాయన అడిగిన నీళ్ళు

గోంగూర మటన్ వాసనకు కడుపులో తిప్పిన రోజే ఒంట్లో ఏదో తేడా చేసిందని నాకు తెలిసింది. వాన్ అనే ఊళ్ళో మా ఇంటి బేస్‌మెంట్‌లో వరంగల్ నుంచి వచ్చిన స్టూడెంట్లు అద్దెకుంటారు. ఆదివారం వాళ్ళు కూర వండితే మా వీధి ఉడుతలు కంచాలు పట్టుకుని వరసలో నిలబడతాయి. అలాంటిది, నేను ముక్కు మూసుకున్నాను.

"గోంగూర వద్దంటుండంటే అంకుల్‌కు సీరియస్సే, ఆంటీ. ఎమర్జెన్సీకి తీస్కపోండి," అని ఆ పిల్లల్లో ఒకమ్మాయి, శ్రావ్య, మా ఆవిడకు చెప్పింది.

"గ్యాసే. సోడా తాగితే పోతుంది," అన్నాను. తాగిన సోడా కూడా తిరిగొచ్చింది.

దేశమంతా స్టూడెంట్లతో నిండిపోయిన ఏడాది అది. కాలేజీ సీటైనా దొరికేదేమో గానీ ఎమర్జెన్సీలో కుర్చీ దొరికేది కాదు. అక్కడ కూర్చునే నా గడ్డం రెండుసార్లు నెరిసింది. ఒక పక్క ఎవరో కవర్లో కక్కుకుంటున్నారు, ఎదురుగా ఇంకెవరో చికెన్ వింగ్స్ చీకుతున్నారు. చివరికి సీటీ స్కాన్ చూసి డాక్టర్ అన్నారు: "యువర్ అపెండిక్స్ హ్యాజ్ రప్చర్డ్. దేర్ ఈజ్ యాన్ ఆబ్సెస్."

అపెండిక్స్ పగిలి లోపల చీముగడ్డ కట్టిందట. ఇప్పుడే కోయకూడదట, ముందు చీము లాగాలట. పొట్టలో డ్రెయిన్, ముక్కులో ట్యూబ్, చేతికి ఐవీ యాంటీబయాటిక్స్. ముక్కులోంచి పచ్చటి రసం డబ్బాలోకి, పొట్టలోంచి చీము సంచిలోకి. మనిషి లోపల ఇంత రోత ఉంటుందని ముందే తెలిస్తే పెళ్ళిచూపులకు ఎవరూ వెళ్ళరు.

పక్క మంచం మీద బేరిల్ గారని ఒక యూదు పెద్దాయన. తుంటి ఆపరేషన్ అయింది. మత్తు దిగాక డెలీరియంతో మతి చెదిరి ఇంగ్లీషు జారిపోయింది, చిన్ననాటి ఇంటి భాష యిడ్డిష్ ఒక్కటే మిగిలింది. కూతురు మాంట్రియల్ నుంచి సాయంత్రానికి గానీ రాదు. ఫోన్‌లో ఇంటర్‌ప్రెటర్ దొరకలేదు. ఆయనేమో పొద్దుట్నుంచీ మంచం దిగబోతున్నారు.

"ఇంకోసారి దిగబోతే చేతులు కట్టేస్తారు, తుంటి మళ్ళీ విరుగుతుందని," అని నర్సు హర్‌ప్రీత్ నాతో అంది. "మీకు జర్మన్ వచ్చన్నారుగా? రెండూ ఒకటే కదా?"

నేను స్టుట్‌గార్ట్‌లో చాలా ఏళ్ళు పనిచేశాను. జర్మన్లు నా దగ్గరే వ్యాకరణం దిద్దించుకునేవారని వార్డంతా చెప్పి ఉన్నాను. ఇక తప్పదు.

రెండూ ఒకటి కాదు. హోసూరు తెలుగు విన్నారా? తెలుగే, కానీ తమిళం మధ్య పెరిగింది. అక్కడ చాలామంది రాయాలంటే తమిళ అక్షరాల్లోనే రాస్తారు. యిడ్డిష్ కూడా అంతే. మాట జర్మన్‌కు దగ్గరి చుట్టం, రాత హీబ్రూ అక్షరాల్లో. నిదానంగా మాట్లాడుకుంటే ఇంటి మాటలు చాలావరకు అందుతాయి. పూజ మాటలు, పండగ మాటలు మాత్రం హీబ్రూవి; అవి వచ్చాయా, జర్మన్ వచ్చినవాడు గోడ వంక చూస్తాడు.

ఏం కావాలని జర్మన్‌లో అడిగాను. "నేగల్ వాసర్," అన్నారు. గోళ్ళు, నీళ్ళు. రెండు మాటలూ అద్దంలా తెలిశాయి. గోళ్ళ నీళ్ళేమిటో మాత్రం తెలియలేదు. సరిగ్గా మింగగలరో లేదో చూసే పరీక్ష ఇంకా కాలేదు కాబట్టి ఆయన నోట్లో చుక్క పడకూడదు. నీళ్ళు తాగకూడదని చెప్పాను. ఆయనకు బాగానే అర్థమైంది. కుళ్ళిన వంకాయను చూసినట్టు నన్ను చూసి మళ్ళీ కాలు కిందికి దించారు.

"దట్స్ ఇట్," అని హర్‌ప్రీత్ బెల్టుల కోసం వెళ్ళింది.

అప్పుడు చూశాను ఆయన చేతుల్ని. రెండింటినీ ఏదో మురికి అంటినట్టు ఒంటికి దూరంగా పట్టుకున్నారు. కళ్ళజోడు పక్కనే ఉన్నా ముట్టుకోవడం లేదు. మా నాన్న కూడా నిద్ర లేచాక చేతులు కడగందే కళ్ళజోడు ముట్టేవాడు కాదు.

"తాగడానికి కాదమ్మా, చేతులకి! నీళ్ళు మంచం దగ్గరికే తెచ్చివ్వు!" అని ఇంగ్లీషులో అరిచాను. నా ముక్కులో ట్యూబ్ ఊడినంత పనైంది.

హర్‌ప్రీత్ బేసిన్‌తో పాటు మూత్రం కొలిచే జగ్గు తెచ్చింది. "ఛీ!" అన్నాను నేను. "ఫే!" అన్నారాయన. దానికి ఏ ఇంటర్‌ప్రెటరూ అక్కర్లేకపోయింది.

"కొత్తదే బాబూ!" అని విసుక్కుంటూ కాఫీ కప్పు తెచ్చింది. ఆయన ఒక చేతి మీద, ఇంకో చేతి మీద మార్చి మార్చి పోసుకుని ఏదో ప్రార్థన చదివారు. నాకు ఒక్క ముక్క అంతుపట్టలేదు. కళ్ళజోడు పెట్టుకుని బుద్ధిగా వెనక్కి వాలారు. బెల్టులు వచ్చిన దారినే వెళ్ళాయి.

మర్నాడు నా వంతు. "ది డ్రెయిన్ ఈజ్ బ్లాక్డ్," అన్నారు డాక్టర్. చలిజ్వరంతో నా ఇంగ్లీషూ, జర్మనూ రెండూ పారిపోయాయి. తెలుగులో మూలుగుతుంటే ఫోన్‌లో ఒక కన్నడాయన్ని కలిపారు, రెండూ ఒకటే కదా అని! నాకంత రోత చీము చూసినప్పుడు కూడా పుట్టలేదు. పాపం ఆయనా కష్టపడ్డాడు. చివరికి చూడటానికొచ్చిన శ్రావ్యే నొప్పి ఎక్కడో వాళ్ళకు చెప్పింది. కొత్త డ్రెయిన్ వేశారు.

కొన్ని నెలలకు అపెండిక్స్ తీసేశారు. ఇప్పుడు డ్రైవ్ చేస్తున్నాను, మెట్లెక్కుతున్నాను, అబద్ధాలు కూడా మునుపటిలాగే చెబుతున్నాను. ఇది మాత్రం నిజం: ఇంట్లో పెద్దవాళ్ళని ఆసుపత్రిలో చేర్చినప్పుడు వాళ్ళ భాష పేరొక్కటే చెప్పి వచ్చేయకండి. నిద్ర లేవగానే వాళ్ళు మొదట ఏం చేస్తారో కూడా నర్సుకు చెప్పి రండి.