పైపన్ను తీస్తే కండ్లు పోతాయన్నారు

నాకు జ్వరం వచ్చిందంటే మొదట షెడ్డులో ఎవరూ నమ్మలేదు. తప్పు వాళ్లది కాదు. నేను చెప్పే మాటల్లో సగం నవ్వించడానికే చెబుతాను. మరమగ్గాలను మేము సాంచాలంటాం. ఆ సాంచాల చప్పుడులో మామూలు మాట చెవికెక్కదు. నవ్వయినా ఉండాలి, తిట్టయినా ఉండాలి. నేను రెండూ కలిపి వేస్తాను.

ఆ జ్వరం మధ్యాహ్నం వచ్చేది, తెల్లారేసరికి చెమటలు పోసి దిగేది. మా వాడలో సూదులేసే డాక్టరు సూది వేస్తే కొన్నాళ్లు పోయేది. మర్యాదలు బాగా జరిగిన కొత్తల్లుడిలా మళ్లీ వచ్చేది. డాక్టరు ఒకసారి టైఫాయిడ్ అన్నాడు, ఒకసారి ఎండదెబ్బ అన్నాడు, ఇంకోసారి "గర్మి చేసింది" అన్నాడు. ఆయనకు తెలియని రోగం లేదు. తగ్గే రోగమే లేదు.

అవ్వ, అంటే మా అమ్మ, కొండగట్టు అంజన్నకు మొక్కింది. అంజన్న మీద నాకు కోపం లేదు. మూలిక కోసం ఏకంగా కొండనే ఎత్తుకొచ్చినవాడు. నా నోట్లోంచి పన్ను ఎత్తుకుపోతే చాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే. మాకే తెలియదు, ఆయనకేం చెబుతాం.

నా లుంగీ నడుము మీద నిలవనంతగా చిక్కిపోయాక మా ఇంటామె బీడీల చాట పక్కన పెట్టి, నన్ను కరీంనగర్ పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. అక్కడ డాక్టరమ్మ నా ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. నా మాట అంత శ్రద్ధగా ఎప్పుడూ ఎవరూ వినలేదు.

"చిన్నప్పుడు కీళ్లు వాచి జ్వరం వచ్చిందా?" అని అడిగింది.

"వచ్చింది మేడమ్, ఆరో తరగతిల. జ్వరం నన్ను ఇడిసింది, నేను బడిని ఇడిసిన."

"నోరు తెరువు."

"గుండెకు తొవ్వ ఇటు నుంచేనా మేడమ్? మా ఇంటామె ఇన్నేండ్ల సంది ఎతుకుతున్నది."

ఆమె నవ్వలేదు. టార్చి వేసి చూసింది. పైవరుసలో ఎడమ పక్క రెండు దవడ పళ్లు వేళ్లదాకా పుచ్చి ఉన్నాయి. చిగురు నొక్కితే చీము వచ్చింది. ఏళ్లుగా అటు పక్క నమలడం మానేసి, కుడి పక్కతో బతుకుతున్నాను. నొప్పి లేస్తే లవంగం పెట్టుకునేవాణ్ణి. మా దగ్గర పన్ను నొప్పిని ఎవరూ రోగాల్లో కలపరు.

రక్తం తీశారు, గుండెను టీవీలాంటి దాంట్లో చూశారు. ఆ తర్వాత ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "మన నోట్లె కంటికి కనపడని పురుగులు లెక్కలేనన్ని ఉంటయి. చిగురు మంచిగుంటే అవి నోట్లెనే ఉంటయి. చిగురు పుండైతే, నమిలినప్పుడల్లా రక్తంల పడతయి. మంచిగున్న ఒళ్లు వాటిని తొందరగనే ఊడ్చేస్తది. కానీ నీ గుండెల ఒక కవాటం చిన్నప్పటి జ్వరంతోని గరుకైంది. ఆ గరుకు మీద అవి అంటుకుని గూడు పెట్టినయి. నీ జ్వరం గదే."

నాకు ఇంకొకసారి చెప్పాల్సిన పని పడలేదు. నున్నటి పోగు మీద దూది నిలవదు. ముడి పడిన చోట, నూగు లేచిన చోట పట్టుకుంటుంది. పట్టుకున్నదాని మీద ఇంకింత పట్టుకుంటుంది. చివరికి పోగు తెగుతుంది.

"అయితే మేడమ్, మా షెడ్డుల పండ్లు పుచ్చినోళ్లందరికి గిట్లనే అయితదా?"

"కాదు. చిగుళ్ల రోగం ఉన్నోళ్లల్ల గుండె జబ్బులు, షుగరు ఎక్కువ కనపడుతున్నయి. దీనివల్లనే అది వస్తున్నదని మాత్రం గట్టిగ చెప్పలేం. నీ సంగతి వేరు. నీ రక్తంల ఆ పురుగు దొరికింది."

చెప్పలేం అన్న మాట ఒక డాక్టరు నోట వినడం నాకు అదే మొదలు. మా వాడ డాక్టరు ఎప్పుడూ అనలేదు. అందుకే ఆమెను నమ్మాను.

మంచం మీద వేసి వారాల తరబడి నరానికి మందు ఎక్కించారు. జ్వరం దిగింది. అప్పుడు ఆమె అసలు సంగతి చెప్పింది. ఆ రెండు పళ్లు తీయాలి. ఉంచితే పురుగు మళ్లీ దిగుతుంది, మళ్లీ దిగితే ఆ కవాటం తట్టుకోదు.

ఈ కబురు ఇంటికి చేరడమే ఆలస్యం, అవ్వ, మేనమామ మొదటి బస్సుకే దిగారు. మామ శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో పని చేసి దిగిపోయినవాడు. భూమి లోపలిదాకా చూసొచ్చినవాడు కాబట్టి భూమి మీది సంగతులన్నీ ఆయనకు తెలుసు.

"కిందిపన్నయితే తియ్యనియ్ అల్లుడా, నేను అడ్డం రాను. పైపన్ను నరం సీదా కంటికి పోతది. మా బాయిల ఒకాయిన గిట్లనే తీపిచ్చుకున్నడు. ఏడాది తిరగలే, రెండు కండ్లు పోయినయ్."

"ఆయినకు షుగర్ ఉండె గద మామా."

"షుగర్ ఉన్నట్టు తర్వాత తెల్సింది. పన్ను ముందు పోయింది."

నిజానికి నాకూ లోపల భయమే. నేతపనివాడికి కళ్లు పోతే ఇంకేం మిగులుతుంది? బట్ట సాగుతుండగా వేల పోగుల్లో తెగిన ఒక్క పోగును చూపు పట్టాలి. చేయి తర్వాత పోతుంది, చూపు ముందు పోవాలి. పక్క మంచాయన నిద్రపోతుంటే, గోడ మీది బోర్డును ఒక కన్ను మూసి ఒకసారి, ఇంకో కన్ను మూసి ఒకసారి చదివాను. 'ఉమ్మివేయరాదు' అని ఉంది. రెండు కళ్లకూ అలాగే ఉంది.

పన్ను తీసే రోజు అవ్వ ఆ గది గుమ్మం ముందు కూర్చుంది. సిస్టర్ లెమ్మంటే లేవలేదు.

"కండ్లు లేని కొడుకును ఎట్ల సాదుదు బిడ్డా? చెప్పు, ఎట్ల సాదుదు?"

"అవ్వా, నేను సాంచె నడిపేటోన్ని. నన్ను నువ్వు సాదుడేంది?"

"గందుకే అంటున్న. కండ్లుంటేనే సాంచె."

"గుండె ఉంటేనే కండ్లు."

"డాక్టర్లు గట్లనే అంటరు. ఆళ్లు ఇంటికి పోతరు. గుడ్డోడు మనింటికి వస్తడు."

అంతవరకూ గోడకు ఆనుకుని ఊరుకున్న మా ఇంటామె అప్పుడు ముందుకొచ్చింది. "అత్తమ్మా, కండ్లు పోతే ఆయన బదులు నేను చూస్త. గుండె ఆగితే ఆయన బదులు ఎవలు కొట్టుకోవాలె? నువ్వా, నేనా?"

అవ్వ కాళ్లు ఇంకాస్త చాపుకుంది. నేను ఆమె కాళ్లు దాటకుండా, పక్కనున్న కాస్త సందులోంచి ఒరిగి లోపలికి పోయాను. పెద్దవాళ్లను దాటకూడదంటారు. ఆ ఒక్కటీ విన్నాను.

పళ్ల డాక్టరు కుర్రవాడు. ముందు ఏదో మందు ఇచ్చి, తర్వాత సూది వేశాడు. సగం మొహం నాది కాకుండా పోయింది. ఏ మాటకైనా చివరి మాట నాదే కావాలనుకునేవాణ్ణి, ఆ అరగంట ఆయన ఏమన్నా గొంతులోనే జవాబిచ్చాను. పట్కారు పట్టి ఊపుతుంటే పుర్రెలో తలుపు విరుగుతున్నట్టుంది. పళ్లు బయటికొచ్చాక చూపించాడు. అంత చిన్నవి. వాటి కోసం ఇంత లొల్లి.

బయటికి రాగానే మామ మొహం ముందు వేళ్లు పెట్టాడు. "ఎన్ని?"

నోట్లో దూది ఉంది. మాట రాదు. వంగి ఆయన ధోవతి అంచు పట్టుకున్నాను. మోకాలికి కాస్త పైన పోగు తెగి, నేతలో సన్నటి సందు పడి ఉంది. కొన్నవాడికి కనపడదు, కట్టినవాడికీ కనపడదు. అక్కడ వేలు పెట్టి చూపించాను. మామ కళ్లద్దాలు పెట్టుకుని వెతికాడు. ఆయనకు దొరకలేదు. అవ్వకు దొరికింది, ఆమె కూడా నేత ఇంటి బిడ్డే. ఆ సందును చూసింది, నా మొహం చూసింది.

"ఇయ్యాలటికైతే ఉన్నయ్" అంది.

రేపటి సంగతి అవ్వ ఇప్పటికీ ఒప్పుకోలేదు. సంతకు పోయినప్పుడు దూరంగా వస్తున్న బస్సు బోర్డు చదవమంటుంది. నేను బోర్డు మీద లేని ఊరి పేరు చదువుతాను. తిడుతుంది. తిట్టిందంటే ఆమెకూ కనపడుతున్నట్టే.

అసలు తగాదా షెడ్డుకు తిరిగి పోయాక మొదలైంది. సాంచెలో అటూ ఇటూ ఉరికే నాడె ఉంటుంది. దాని కడుపులో నూలు కండె. కండె అయిపోగానే కొత్తది పెట్టి, నాడె కన్నానికి నోరు ఆనించి గుటుక్కున పీలిస్తే పోగు బయటికొస్తుంది. క్షణంలో పని. మా దగ్గర పని నేర్చుకోవడమంటే మొదట ఈ పీల్చుడు నేర్చుకోవడమే. పగటివాడు పీల్చిన నాడెనే రాత్రివాడూ పీలుస్తాడు. నూలు దుమ్ము, రంగు, ఒకరి ఎంగిలి ఇంకొకరికి.

ఈ పీల్చుడు సంగతి చెబితే, నీ రోగం దీంతోనే వచ్చిందని డాక్టరమ్మ అనలేదు. పుచ్చిన పంటినుంచే అంది. కానీ మానుతున్న చిగుళ్లకు ఆ మురికి తగలనివ్వొద్దంది, రోజూ రెండు పూటలా పళ్లు తోమమంది, ఇకమీదట పంటికి ఏ పని చేయించుకున్నా ముందు గుండె సంగతి చెప్పమంది. నేను సన్నటి తీగను కొక్కెంలా వంచుకుని జేబులో వేసుకున్నాను. కొక్కెంతో పోగు లాగడం ఆలస్యం. ఆలస్యమైనంతసేపు సాంచె ఆగుతుంది. ఆగిన సాంచె ఆసామికి, అంటే సాంచాలు గలాయనకు, వంద గజాల నుంచైనా వినపడుతుంది.

వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"ఏందిర, నాడెకు ముద్దు పెట్టనంటున్నవట?"

"మా ఇంటామె ఒద్దన్నదన్నా."

పక్క సాంచాలవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. "మీ బాపు పీల్చిండు, మా బాపు పీల్చిండు. ఎవ్వలికి ఏం కాలే."

"మీ బాపుకు ఆఖరుకు పండ్లెన్ని ఉండెనే అన్నా?"

"పండ్ల ముచ్చట కాదు. గింతమంది పీలుస్తున్నరు. నీ ఒక్కనికే ఈ నఖరాలేంది?"

"నాకున్న గుండె ఒక్కటేనాయె. ఇంకోటుంటే అది నీకిచ్చి పీలుస్తుంటి."

"గట్లయితే నీ సాంచాలు ఇంకొకనికిస్త."

"ఇయ్యి. ఇచ్చే ముందు వాని నోరు తెరిచి చూడు, జర టార్చి వేసి."

ఆయన పోలేదు. నేను తొందరపడలేదు. కొక్కెం కన్నంలోకి పోనిచ్చాను. మొదటిసారి పోగు జారింది. మళ్లీ పట్టాను, మెల్లగా లాగాను, వచ్చింది. నాడెను దాని చోట పెట్టి, పిడి లాగి సాంచె నడిపించాను. ఆయన వెనక నుంచి ఇంకేదో అన్నాడు. సాంచె చప్పుడులో నాకు వినపడలేదు. ఏమన్నావని నేను అడగనూ లేదు.