గాలి కబురు చెప్పే గొంతు

ఉదయం ఆరూ పదికి యాప్ కొత్త క్లౌడ్ సర్వీసులో నడవడం మొదలుపెట్టింది. పాత సర్వీసు ముందురోజే మూతపడడంతో మార్చక తప్పలేదు.

విడవలూరు దగ్గరి పాలెంలో సముద్రంలో చేపల వేటకు పోయేవాళ్ల కోసం నా భార్య ఆ యాప్ రాసింది. చదువు రానివాళ్లకు అది గాలి, అలల సంగతి చెబుతుంది. దిక్కులు, అంకెలు, హెచ్చరికలు తన గొంతుతో విడివిడిగా రికార్డు చేసింది. యాప్ వాటిని కలిపి పలికేది. అందుకే తను పోయాక కూడా రోజూ కొత్త మాట చెబుతూనే ఉంది.

కాసేపటికి పాలెం నుంచి ఒకామె ఫోన్ చేసింది. "అన్నా, వదినమ్మ పలకలేదేంది?"

యాప్ చేసే ప్రతి పనీ నమోదయ్యే లాగ్ చూశాను. తన గొంతు ఉన్న ఆడియో ఫైళ్లు లేవు. యాప్ ఒక పెట్టెలాంటి కంటైనర్‌లో నడుస్తుంది; ఆ కంటైనర్‌ను తయారుచేసే అచ్చులో, అంటే ఇమేజ్‌లో, అవి ఎప్పుడూ లేవు. నడుస్తున్న పాత కంటైనర్ లోపలే ఉండి, దానితోనే పోయాయి; వేరే నకలు లేదు. అది అర్థమయ్యాక కూడా యాప్‌ను మళ్లీ మళ్లీ డిప్లాయ్ చేసి, మొదటినుంచి నడిపించి చూశాను. ప్రతిసారీ యాప్ బాగానే లేచింది, తన గొంతు మాత్రం రాలేదు. పాత సర్వీసువాళ్లను బతిమాలాను. తుడిచేసింది తిరిగి రాదన్నారు.

పాలెం ఆమె మళ్లీ ఫోన్ చేసింది. "ఎవురి గొంతో ఒకటి పెట్టన్నా. పడవలు ఒడ్డునే ఉండాయి. మా ఆయన పోవాల్నా, వద్దా?"

నా గొంతు రికార్డు చేద్దామని మొదలుపెట్టి, ఆపేశాను. మెషీన్ గొంతు పెట్టాను. గాలి ఎక్కువగా ఉంది, వేటకు పోవద్దు అని అది స్పష్టంగా చెప్పింది. పడవలు ఆగాయి.

నా భార్య మాట విన్నాక పాలెంలో ఆడవాళ్లు "సరే తల్లీ" అని ఫోనుకు బదులిచ్చేవాళ్లు. ఇప్పుడు ఎవరూ బదులివ్వడం లేదు.