ఉక్కపోత లేని ఊరు

రోసమ్మకి చెమటంటే పగ. నర్సాపురంలో గోదావరి పక్కన పుట్టిన పిల్లకి ఇదేం విడ్డూరమని ఇంట్లోవాళ్లు నవ్వేవారు. నవ్వితే నవ్వారు. మే నెల వచ్చిందంటే ఆ ఊళ్లో జాడీలో ఉప్పు నీరుకారుతుంది. అగ్గిపుల్ల గీస్తే అంటుకోదు. స్నానం చేసి ఒళ్లు తుడుచుకుంటూండగానే మళ్లీ చెమట మొదలు. కుటుంబ ప్రార్థనలో అందరూ ఆరోగ్యమో చదువో అడుగుతుంటే, చిన్న రోసమ్మ కళ్లు గట్టిగా మూసుకుని కాస్త గాలి అడిగేది.

నర్సు పని నేర్చుకోవడానికి సికింద్రాబాదు వచ్చిన తొలి వేసవిలోనే ఆ ప్రార్థన ఫలించింది. ఎండ నిప్పులు చెరుగుతోంది, అది నిజమే. కాని పొద్దున గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లబట్టలు సాయంత్రం డ్యూటీ దిగేదాకా పెళపెళలాడుతూనే ఉన్నాయి. చెమట పుట్టినచోటే ఆరిపోతోంది. ఇక చచ్చినా ఈ ఊరు వదలనని ఆ రోజే అనుకుంది. పెళ్లి సంబంధాలు వచ్చినప్పుడల్లా ముందు ఊరి పేరు అడిగేది. కాకినాడ, బందరు, భీమవరం. అన్నీ ఉక్క ఊళ్లే. అలా అడుగుతూ అడుగుతూ ఉండగానే అడిగే వయసు దాటిపోయింది. దానికి ఆమె పెద్దగా బాధపడిందీ లేదు.

బోయిగూడలో కమలాబాయి ఇంట్లో ఒక వాటా అద్దెకి తీసుకుని చాలా ఏళ్లయింది. కమలాబాయి భర్త కంటోన్మెంటు దొరలకి బట్టలు కుట్టేవాడు. ఆయన పోయాక అద్దె మీదా, చేతి కుట్టు మీదా బతుకుతోంది. మాట కరుకు. రోసమ్మ వండినదేదీ ముట్టేది కాదు. అలాగని పోట్లాటా లేదు. ఎవరి పొయ్యి వాళ్లది.

పొయ్యిలు వేరైనా, వేసవి రాత్రులు మాత్రం ఇద్దరివీ ఒక్కటే. పొద్దు వాలగానే గల్లీ అంతా నీళ్లు చల్లేవారు. ఇంటింటి నుంచీ మంచాలు బయటికొచ్చేవి. రోసమ్మ దుప్పటి తడిపి, పిండి, మంచం మీద పరుచుకునేది. పడుకుని కళ్లు మూసుకుంటే ఆ తడి మెల్లగా గాల్లోకి లేచిపోతూ ఒంట్లో వేడినీ వెంట తీసుకుపోయేది. స్టేషన్లో రైలు ఇంజను నిద్రలో నిట్టూర్చినట్టు ఆవిరి వదిలేది. పక్క మంచం మీంచి కమలాబాయి ఎవరి కోడలు ఏమన్నదో, ఎవరింట్లో బావి ఎండిందో చెబుతూ ఉండేది. ఆ గొంతు దగ్గరవుతూ, దూరమవుతూ, చివరికి చుక్కల్లోంచి వినిపిస్తున్నట్టుండేది. ఏ మాట దగ్గర నిద్రపట్టిందో రోసమ్మకి ఎన్నడూ తెలియదు. సుఖమంటే ఇదే కదా అనుకునేది. దానికంతటికీ ఆమె పెట్టుకున్న పేరు గాలి.

పింఛను పుచ్చుకుంది పందొమ్మిదివందల నలభై ఎనిమిదిలో. ఎంచి ఎంచి ఆ ఏడాదే రావాలా! రజాకార్ల భయంతో జనం మూటాముల్లె సర్దుకుని బెజవాడ వైపు పోతున్నారు. తమ్ముడు యేసురాజు నర్సాపురంలో బడిపంతులు, భార్య పోయి ఒంటరిగా ఉంటున్నాడు. వచ్చెయ్యమని కబురు మీద కబురు. "ఎండాకాలంలో ఆ ఊరా! నావల్ల కాదు, వానలు పడ్డాక చూద్దాం" అని రోసమ్మ తిరుగు కబురు పంపింది.

కాని ఆ వేసవి గల్లీలోకి ఒక్క మంచమూ రాలేదు. చీకటి పడకముందే తలుపులు బిగించేవారు. ఒంటరి ఆడవాళ్లు చెరో గదిలో ఎందుకని కమలాబాయి రోసమ్మని తన వెనక గదిలోకి లాక్కుపోయింది. ఉన్న ఒక్క కిటికీకి అడ్డంగా బీరువా జరిపింది. కిరసనాయిలు దొరక్క దీపం లేదు, బొగ్గులు దొరక్క రెండు పొయ్యిలు ఒకటయ్యాయి. ఒకరోజు కమలాబాయి ఏమీ అనకుండా రోసమ్మ వండిన పప్పు వడ్డించుకుని తినేసింది. రోసమ్మ కూడా చూడనట్టు ఊరుకుంది.

చీకట్లో కూర్చుని కమలాబాయి తాటాకు విసనకర్రతో విసిరేది. "చాలు, నువ్వు పడుకో" అంటే, "సప్పుడు చెయ్యకు సిస్టరమ్మ, నాకు నిద్రొస్తలేదు" అని కసిరేది. తన కథలన్నీ గుసగుసగా మళ్లీ మొదటినుంచి చెప్పేది. రోసమ్మ సగం నిద్రలో తేలుతూ, గోడలు కరిగిపోయి తామిద్దరం ఏదో పడవలో వెళుతున్నామనుకునేది.

సెప్టెంబరులో సైన్యం వచ్చింది. పోలీసు చర్య అన్నారు. గల్లీ జనమంతా రోడ్డు మీదికి పరుగెత్తి, వెళుతున్న లారీలకి చేతులూపారు. మూసిన తలుపులు తెరుచుకున్నాయి. గల్లీ చివర ఖాదర్‌సాబు తలుపు మాత్రం ఇప్పుడు మూసుకుంది. కమలాబాయి వెళ్లి, తిట్లతోనే ఆ తలుపు తెరిపించి, వాళ్ల పిల్లలకి పాలు ఇచ్చి వచ్చింది.

రైళ్లు కుదుటపడగానే యేసురాజు అక్కని తీసుకుపోవడానికి వచ్చేశాడు. మనిషి చిక్కాడు. నులకమంచం మీద కూర్చుని, కమలాబాయి ఇచ్చిన చాయ్ తాగుతూ, ఇన్నాళ్లూ దాచుకున్న మాట బయటపెట్టాడు.

"మేడ మీద గది వేయించానక్కయ్యా. నీ కోసమే. మూడు వైపులా కిటికీలు. గోదావరి గాలి తిన్నగా మంచం మీదికే వస్తుంది. చెమట పట్టిందంటే నన్నడుగు."

రోసమ్మ తమ్ముడి చిక్కిన చేతులకేసి చూసింది. వెర్రివాడు, ఉన్నదంతా ఆ గదికే పెట్టి ఉంటాడు. ఏం చెప్పి కాదనాలి? ఇన్నేళ్లూ చెప్పిన కారణాన్ని వాడు కిటికీలు పెట్టి మరీ కొట్టేశాడు.

"అయినా మొన్న ఎండాకాలమంతా తలుపులు మూసుకుని ఎలా ఉన్నావే? ఆ ఉక్కకి ఒళ్లు పేలిపోయుంటుందే!" అన్నాడు యేసురాజు.

రోసమ్మ నిజంగానే జ్ఞాపకం చేసుకోబోయింది. పప్పు జ్ఞాపకముంది. గుసగుసలు జ్ఞాపకమున్నాయి. చీకట్లో పక్కన ఒక మనిషి ఊపిరి జ్ఞాపకముంది. చెమట పట్టే ఉంటుంది, పట్టకుండా ఎలా ఉంటుంది? కాని ఎంత వెతికినా అది మాత్రం గుర్తుకు రాలేదు. జీవితమంతా దేన్ని చూసి ఊళ్లు వద్దనుకుందో, దానిలో ఒక వేసవంతా మునిగి కూడా ఆమె గమనించనేలేదు.

కమలాబాయి గ్లాసులు చప్పుడయ్యేలా ఎత్తింది.

"తీస్కపో తమ్మీ. గంత మంచి గది కట్టిస్తివి. ఈడ ఆమెకు ఎవరున్నరు?"

అనేసి వంటింటివైపు తిరిగింది. రోసమ్మకి చర్రున కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"నువ్వున్నావు కదా!" అంది.

కమలాబాయి గుమ్మంలో ఆగింది. వెనక్కి తిరగలేదు. కరుకుదనమంతా పోయిన గొంతుతో అంది:

"గాలి కోసమే ఉన్నవనుకున్న సిస్టరమ్మ. తలుపులు మూసిననాడే, ఇగ ఈమె పోతదనుకున్న. గందుకే రాత్రంత విసిరిన."

యేసురాజు అక్క ముఖంలోకి చూశాడు. ఆమె దాచుకోకుండా ఏడుస్తోంది. అతను మళ్లీ గది మాట ఎత్తలేదు.

"రేపు నేనొక్కణ్ణే వెళతాలే అక్కయ్యా" అన్నాడు.