వెంకటసుబ్బులమ్మ దూలం బడి

బోడిగుట్టపల్లె బడికి కర్నూలు జిల్లా బోర్డు వాళ్లు పెట్టిన పేరు ఏదో ఉంది. ఊళ్లో ఆ పేరుకు ఎవరికీ నోరు తిరగదు. వాళ్లకది వెంకటసుబ్బులమ్మ దూలం బడి. అంత పేరు మోసిన వెంకటసుబ్బులమ్మ ఆ గడప లోపల కూర్చుని ఒక్క అక్షరం దిద్దిన పాపాన పోలేదు. గొర్రెలు కాచింది, గొర్రెలు కాచేవాణ్ని కట్టుకుంది, ఆయన పోయాక అవే గొర్రెలను తోలుకుంటూ ముసలిదైంది.

ఆ దూలం ఆమె పెనిమిటి సంపాదన. గిద్దలూరు ఫారెస్టు ఆఫీసులో చీటీ రాయించుకుని, నల్లమద్ది మానును బండి మీద తెచ్చి, చెక్కించి, కొట్టం ముందర వేయించాడు. వచ్చే ఏడు మిద్దె కడదామన్నాడు. వచ్చే ఏటికి ఆయనే లేడు. వెంకటసుబ్బులమ్మ బోదగడ్డి కప్పిన కొట్టంలో ఉంటూనే, ఆ దూలం మీద కూర్చుని వక్కాకు నములుతూ, మిద్దెలున్న వాళ్లకంటే ఒక మెట్టు పైనున్నట్టు మాట్లాడేది.

ఊరికి బడి కావాలని అడిగితే, అయ్యవారిని మేమిస్తాం, కట్టడం మీరు చూసుకోండి అన్నారు బోర్డు వాళ్లు. గోడలు లేచాయి. అంత పొడుగు దూలం మాత్రం ఎక్కడా దొరకలేదు. ఊరి పెద్ద ఓబులయ్య చేతులెత్తేశాడు. బడి కాస్తా పక్కూరు ముళ్లపాడుకు పోయేట్టుంది. ముళ్లపాడోళ్ల పిల్లల చేత ఉత్తరాలు చదివించుకునే గతి తమ ఊరికి పడుతుందని తలుచుకోగానే వెంకటసుబ్బులమ్మకు ఒళ్లు మండింది.

"నా కొట్టం ముందర పడుంది, ఎత్తుకపోండి. ఎవురిదని ఎవురన్నా అడిగితే మాత్రం నోరు తెరిచి చెప్పండి," అంది.

దూలం గోడల మీదికి ఎక్కింది. దాని మీద అడ్డంగా దంతెలు, దంతెల మీద కంప, కంప మీద వాన దిగకుండా చౌడు మన్ను. మొదటి గంప ఆమే వేసింది. ఏటా వానకారు ముందు ఇంటికొక గంప చౌడు వేయాలనీ, వేయని ఇంటికి బడి సంగతిలో మాట లేదనీ ఊరు కట్టు పెట్టుకుంది.

ఇళ్ల మిద్దెల మీదైతే పాత మన్ను గీకి కొత్తది పరుస్తారు. బడి మీద గీకబోతే, మా ఇంటి మన్ను పారేసేదానికి నువ్వెవరని కర్రలు లేచేవి. అందుకని కొత్తది పాతదాని మీదే పడేది. ఓబులయ్య పెద్దరికం కోసం ఒకటికి రెండు గంపలు వేశాడు. అది చూసి దుకాణం రంగనాయకులు శెట్టి మూడు వేశాడు. కొన్నేళ్లకు బడి నెత్తిన ఒక చేను తయారైంది. గడ్డి మొలిచింది, గుమ్మడి తీగ పాకింది. పైన మేకలు మేస్తుంటే కింద పిల్లలు ఎక్కాలు చదివేవారు.

దూలం వంగసాగింది. ముందుగా కనిపెట్టినవాడు అయ్యవారు లక్ష్మీనరసయ్య. ఆయన తన కుర్చీ జరిపాడు. దూలం కింది నుంచి గోడ పక్కకు, గోడ పక్కనుంచి గడప దగ్గరకు, చివరికి పిల్లలతో సహా బయటి అరుగు మీదికి. వెలుతురు కోసమని చెప్పేవాడు.

బోర్డు ఓవర్సీరు వచ్చి, గడప బయట నిలబడి తల మాత్రం లోపల పెట్టి చూశాడు. వానలు పడేలోగా సరిచేయకపోతే బడిని ముళ్లపాడుకు మారుస్తామని చెప్పి జట్కా ఎక్కాడు.

మన్ను ఎక్కువైందని ఊళ్లో అందరికీ తెలుసు. ఆ మాట ఎత్తితే ఎవరి మన్ను ముందు దించాలన్న రగడ. అందుకని తప్పంతా దూలానిదే చేశారు. వెంకటసుబ్బులమ్మ ఉప్పు కోసం దుకాణానికి పోయేసరికి శెట్టి ఎవరితోనో అంటున్నాడు: "నల్లమద్దా పాడా, లోపలంతా పుచ్చు."

"ఏంది శెట్టీ, నా మొగుడు పుచ్చు కొయ్య తెచ్చినాడా?"

శెట్టి తక్కెడ సరిచేసుకున్నాడు. "నేనంటానా అవ్వా. ఊళ్లో అనుకుంటాండారు."

"ఊరంటే నీ ఒక్కడి నోరేలే. ఉప్పు కట్టు."

ఉప్పు తెచ్చుకుంది గానీ ఆ పూట సంగటి కెలకలేదు. మిద్దె లేకపోతే లేకపోయింది. పోయిన మనిషి తెచ్చిన కొయ్యకు పుచ్చు అంటగడితే ఊరుకునేదెట్లా? తెల్లవారి గంప చంకన పెట్టుకుని బడి దగ్గరికి పోయింది. అక్కడ ఓబులయ్య నలుగురినీ పోగేసి, దూలం మార్చే మాట నడుపుతున్నాడు.

"అల్లుడా, నా మన్ను నాకియ్యి," అంది, వరసకు అల్లుడయ్యే ఓబులయ్యతో.

"ఏం మన్నత్తా?"

"బడి మింద నేనేసిన గంప. పుచ్చు దూలం మింద నా మన్నెందుకు? తీసకపోతా."

అందరూ నవ్వారు. "మా దొడ్లో చౌడు కుప్ప ఉండాది, కావాల్సినంత ఎత్తుకపో," అన్నాడు ఓబులయ్య.

"నీది నాకేల? నాది నాకు కావాల."

"మన్నులో నీది నాది ఏందత్తా?"

"అట్లనా. అందరూ ఇన్నారు గదా. మన్నులో నీది నాది లేదంట. అయితే ముందు అల్లుడి గంపలు గీకి పారేయండి."

ఓబులయ్య మీసం సవరించుకుని శెట్టి వైపు చూశాడు. శెట్టి మెల్లగా అందుకున్నాడు: "అవ్వా, నీది మొట్టమొదటి గంప. అందరి కిందా ఉంటాది."

"ఉండనీ. మీ మన్ను నేను ముట్టను. ఎవురిది వాళ్లు దించుకోండి, నాది బయటపడతాది."

పరాయి చెయ్యి పడకుండా తమది తామే దించుకునేందుకు ఎవరి పరువూ అడ్డురాలేదు. నిచ్చెన వేశారు. పై పొర నాదంటే నాదని శెట్టీ ఓబులయ్యా పట్టుబట్టారు. గుమ్మడికాయ ఎవరి మన్నులో కాసిందో తేలేలోగా అది అయ్యవారి ఇంట పులుసైపోయింది. పొద్దు వాలేసరికి అడుగున బూడిదరంగు చౌడు కనిపించింది. వెంకటసుబ్బులమ్మ నిచ్చెనెక్కి గంప నింపుకుని దిగింది. అక్కడెవరిదో గొడ్డలి అందుకుని లోపలికి పోయి, దాన్ని తిరగేసి దూలాన్ని ఒక్కటి వేసింది. కంగుమంది.

"శెట్టీ, పుచ్చు యాడుందో వేలు పెట్టి చూపించు."

శెట్టి నిచ్చెన పట్టుకునేందుకని బయటికి పోయాడు. ఆమె గంప ఎత్తుకుని మళ్లీ నిచ్చెనెక్కి, మన్ను తీసినచోటే కుమ్మరించింది.

"ఇదేందవ్వా?"

"ఇచ్చింది ఎనక్కి తీసుకునే ఇల్లు కాదు మాది."

ఓవర్సీరు మళ్లీ వచ్చి దూలం వైపు అనుమానంగా చూశాడు. "ఇంకా వంగే ఉంది కదా?"

"నాకూ నడుము వంగింది దొరా. పడిపోయినానా?"

ఆయన ఈసారి లోపలికొచ్చాడు. దూలం కిందే నిలబడి, బడి ఇక్కడే ఉంటుందని చెప్పి పోయాడు. అయ్యవారి కుర్చీ కూడా లోపలికి వచ్చింది, సరిగ్గా దూలం కిందికి కాదు గానీ, జానెడు పక్కకు.

అప్పటినుంచి వానకారు ముందు బడి నిచ్చెన కింద గొర్రెల కర్ర పట్టుకుని వెంకటసుబ్బులమ్మ కూర్చునేది. పాతది దిగనిదే కొత్త గంప ఎక్కనిచ్చేది కాదు.

"దించినావా అల్లుడా?"

"దించినా అత్తా."

"ఏదీ, చూపించు."