మూడు బ్యాండ్ల రేడియో

మాడుగుల దాటాక కొండ కింద ఉన్న మా ఊళ్లో ఫోనుకి సిగ్నల్ అందదు. అందుకని మొన్న అనకాపల్లిలో రేడియో కొనబోయాను. దుకాణంవాడు తోలు కవరు విప్పగానే ఆ వాసన నన్ను చిన్నప్పటిలా తాతయ్య పక్కన నిలబెట్టింది.

అప్పుడూ రేడియో కోసమే వచ్చాం. బెల్లం వండే రోజులు. పొయ్యిలోకి ఎండబెట్టిన చెరకు పిప్పి తడిస్తే వంట ఆగిపోతుంది. వాన కబురు ముందే తెలియాలని తాతయ్య ఆరాటం.

"మీది కొండ కింద ఊరు కదా, మూడు బ్యాండ్లది పట్టుకెళ్లండి," అన్నాడు షావుకారు.

"మాకేటి పెళ్లా బాబూ, మూడు బేండ్లెందుకు? వాన కబురు సెప్తే సాలు," అన్నాడు తాతయ్య.

నాకు మూడు మేళాలూ కావాలి. రోజూ ఇంట్లో బాకాలు మోగుతాయని ఆశపడి, గుమ్మం పట్టుకుని ఏడ్చాను.

"నోర్ముయ్యరా, నీ పెళ్లికి పెట్టిత్తాన్లే," అని తాతయ్య ఒక్క బ్యాండుదే కొన్నాడు.

కొట్లో గలగలా మాట్లాడిన రేడియో ఊళ్లో బుస్సుమనడం తప్ప ఒక్క మాట పలకలేదు. తాతయ్య దాన్ని గట్టెక్కించాడు, పాకెక్కించాడు, చివరికి నెత్తిన మొట్టాడు.

"కొట్లో అంత వాగేవు, ఇక్కడ నోరు పడిపోయిందేటే?"

అది బుసకొడుతుండగానే వాన వచ్చింది. పిప్పి ముద్దయింది. నరికిన చెరకు కుప్పలోనే పులిసింది.

అదనపు బ్యాండ్లుంటే దూరపు స్టేషన్లూ అందుతాయని హైస్కూల్లో గానీ నాకు తెలియలేదు. సరైన రేడియో కోసం ఆ రోజు ఏడ్చింది నేనొక్కణ్నే, అదీ బాకాల కోసం.